గిఫ్ట్ పేపర్ చుట్టకు పాత గాజు

పెళ్లికి బయల్దేరే ముందు గిఫ్ట్ ప్యాక్ చేద్దామని చూస్తే కత్తెర వంటింట్లో, టేపు పిల్లల బ్యాగులో, పేపరేమో మంచం కింద నలిగిపోయి ఉండేది. ఏళ్ల తరబడి మా ఇంట్లో ఇదే తంతు. ఇప్పుడు అన్నీ పాత చీరల జిప్ కవర్లో ఒకేచోట పెడుతున్నాను.

పేపర్ చుట్టలు విడిపోకుండా రబ్బరు బ్యాండ్ వేస్తే గీత పడుతుంది, ఎండాకాలంలో అంటుకుపోతుంది కూడా. దాని బదులు జత పోయిన పాత గాజు తొడగండి. మట్టి గాజు వద్దు, ప్లాస్టిక్‌దో మెటల్‌దో చాలు. చుట్టను కాస్త బిగించి గాజులోకి దూర్చి వదిలేస్తే అదే సర్దుకుని నిలుస్తుంది. టేపు చివర మడిచి పెడితే గోళ్లతో గీక్కునే పని తప్పుతుంది.

చదివింపుల కవర్లు మాత్రం విడిగా, ఖాళీ స్వీట్ బాక్సులో పెడతాను. 116 అయినా 1116 అయినా టెన్షనంతా ఆ పదహారు దగ్గరే కదా! అందుకే రూపాయి బిళ్ల అంటించిన కవర్లే కొని, ఒక్కోదాంట్లో పది నోటు, అయిదు బిళ్ల ముందే వేసి ఉంచుతాను. గమ్ ఉన్న కవర్లయితే మూత తెరిచే ఉంచండి, వానాకాలం చెమ్మకు వాటంతటవే అంటుకుపోతాయి.