పాత బండిలో ఈ-20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోయిస్తున్నారా? ఇవి చూసుకోండి

2023 ఏప్రిల్‌కు ముందు కొన్న బండైతే ముందు ఓనర్ మాన్యువల్ తెరిచి ఈ-10 (10 శాతం ఇథనాల్) వరకేనా, ఈ-20 కూడా పడుతుందా చూడండి. ఈ-10 వరకే అని ఉంటే సర్వీసింగ్ రోజు మెకానిక్ పక్కనే నిలబడి రబ్బరు పైపులు, గాస్కెట్లు మెత్తబడ్డాయా, పగిలాయా అని చూపించుకోండి.

ఇథనాల్ ఎంత కలిసిందో తేల్చుకోవాలంటే గీతలున్న గాజు గొట్టంలో 100 మి.లీ. పెట్రోల్, 10 మి.లీ. నీళ్లు పోసి, మూత పెట్టి ఊపి, కాసేపు కదపకుండా వదిలేయండి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగుతుంది, అడుగు పొర 30 గీత దగ్గర ఆగితే దాదాపు 20 శాతం ఉన్నట్టే. ఇదంతా ఆరుబయటే చేయాలి, అదీ బీడీ వెలిగించే బావను దూరం పంపాకే! ఆ పెట్రోల్ మళ్లీ ట్యాంకులో పోయకండి.

వానాకాలంలో సగం ట్యాంకుతో బండిని నెలల తరబడి ఆపొద్దు, ఇథనాల్ తేమ పీలుస్తుంది. మైలేజీ కాస్త తగ్గుతుంది, లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ మరి.

ఇథనాల్ మక్కలతో కూడా చేస్తారు కాబట్టి పాలమూరు మక్కలకు గిరాకీ పెరిగితే రైతుకు మంచిదే, కానీ యూరియా, బోరు కరెంటు, ఫ్యాక్టరీలో మండించే ఇంధనం లెక్కలోకి తీసుకోకుండా ఇథనాల్‌తో కాలుష్యమే లేదంటే నేనొప్పుకోను. కోళ్ల ఫారాలవాళ్లకు దాణా రేటు టెన్షన్ వేరే. నారాయణపేట జిల్లా చిత్తనూరువాళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఎందుకు రోడ్డెక్కారో కూడా కనుక్కోండి.