కుండీలో వేలాడే ఆ తీగ ఏమిటో ఎలా కనుక్కోవాలి?

నల్లగొండ, పాలమూరు వైపు ఇంట్లో తీగ వేలాడితే చాలు, మనీ ప్లాంట్ అనేస్తారు. పిన్ని వాళ్లింటి నుంచి ఒక ముక్క తెచ్చి సీసాలో నీళ్లు పోసి పెడతాం, అది బతుకుతుంది, పేరు మాత్రం ఎవరికీ తెలియదు. కానీ పేరు తేలితేనే ఎంత ఎండ కావాలో, పిల్లలకు అందేలా పెట్టొచ్చో లేదో తెలుస్తుంది.

ముందే చెప్తున్నా, రుచి చూసి గుర్తుపట్టాలనుకోకండి. తమలపాకు, తిప్పతీగ, మనీ ప్లాంట్ ఆకులు దూరం నుంచి ఒకేలా ఉంటాయి. మనీ ప్లాంట్ చేమగడ్డ కుటుంబానిది, పచ్చి చేమ నోట్లో పెడితే గొంతు ఎంత దురద పెడుతుందో ఇదీ అంతే, రెండింట్లోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. తమలపాకైతే కొంచెం నలిపితే ఘాటు వాసనే చెప్పేస్తుంది. తిప్పతీగకు ముదురు కాండం మీద పల్చటి పొర లేస్తుంది, చిన్న బొడిపెలుంటాయి, దారాల్లా పొడవాటి వేర్లు వేలాడతాయి.

ఇక ఆకును వదిలేసి కణుపు చూడండి. వెలుతురు తగ్గితే ఆకు మీది పసుపు మచ్చలు కూడా తగ్గిపోతాయి, రంగును నమ్మలేం. కణుపుకు రెండాకులు ఎదురెదురుగా, మందంగా ఉండి, తుంచితే తెల్లటి పాలు కారితే చాలావరకు అది హోయా. ఒక్కో ఆకే వస్తూ, బాణం మొనలా ఉండి పాలు కారితే సింగోనియం. ముదిరితే దాని ఆకు మూడు, ఐదు భాగాలుగా చీలుతుంది, అందుకే ఒకే తీగను చూసి రెండు మొక్కలనుకుంటారు. పైన వెండి చారలు, కింద ఊదా రంగు ఉంటే ట్రాడెస్కాంటియా, దాని రసం కొందరికి దురద పెడుతుంది.

అసలు తికమక మనీ ప్లాంట్‌కీ ఫిలోడెండ్రాన్‌కీ మధ్యే, నర్సరీల్లో కూడా ఒకదాని పేరుతో ఇంకోటి ఇచ్చేస్తుంటారు. ఆకు కాడ పైవైపు వేలితో తడిమి చూడండి. మనీ ప్లాంట్‌కు నిలువునా గాడి తగులుతుంది, మామూలు ఫిలోడెండ్రాన్ కాడ నున్నగా గుండ్రంగా ఉంటుంది. తర్వాత కొత్త ఆకు ఎలా వస్తుందో గమనించండి: ఫిలోడెండ్రాన్ ఆకు పల్చటి తొడుగులోంచి బయటికొస్తుంది, ఆ తొడుగు ఎండి రాలిపోతుంది. మనీ ప్లాంట్‌కు ఆ తొడుగే ఉండదు, అంతకుముందు వచ్చిన ఆకు కాడను ఆనుకునే కొత్తది విచ్చుకుంటుంది. ఈ ఒక్క గుర్తు చాలు.

ఆకు కొనలు మాడటం మాత్రం గుర్తు కాదు. సన్నటి పొడవాటి ఆకులుండే స్పైడర్ ప్లాంట్‌కు ఫ్లోరైడ్ పడదు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు పోస్తే కొనలు గోధుమ రంగుకు తిరుగుతాయి. వాన నీళ్లు పట్టి పోయండి.

ఫోన్ యాప్‌లో చూసేటట్లయితే ఆకు ఫోటో ఒక్కటే తీయకండి, కణుపు, ఆకు అడుగు, కొత్త చిగురు కూడా దగ్గరగా తీయండి, అది చెప్పిన పేరును పై గుర్తులతో సరిచూసుకోండి. మే నెల ఎండలకు చిగురే రాకపోతే వానలు పడేదాకా ఆగండి. అప్పటిదాకా పిల్లలకు, మేకలకు అందకుండా కుండీని ఎత్తులో పెట్టండి.