ట్రిగ్గర్ మార్చే ముందు: విశాఖ పిస్టల్ షూటర్లకు కొన్ని జాగ్రత్తలు

వానలు మొదలయ్యాయంటే చాలు, రేంజిలో ఎవరో ఒకరు వచ్చి "సార్, ట్రిగ్గర్ మార్చేద్దామా?" అని అడుగుతారు. వేసవిలో బాగానే కొట్టిన కుర్రాడికి స్కోరు తగ్గుతుంది. అరచేతిలో చెమట, జారే గ్రిప్, పైన పోటీల కంగారు. నింద మాత్రం ట్రిగ్గర్ మీద పడుతుంది. అడిగేవాళ్లలో చాలామందికి మార్చాల్సిన పనే ఉండదు, ఉన్నదాన్ని సరిచేసుకుంటే చాలు. నిజంగా మార్చాల్సినవాళ్లయినా పోటీ నెత్తిమీద పెట్టుకుని ఆ పనికి దిగకూడదు.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ పిస్టలో చూసుకోండి. పది మీటర్ల పోటీలో వాడే 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్ అయితే ట్రిగ్గర్ దగ్గరి మరలు తిప్పుకోవడానికి మాన్యువల్లోనే దారి ఉంటుంది. తూటా పేల్చే పాయింట్ 22 పిస్టల్ సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల రిపేరు, మార్పులు లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. ఆటోనగర్‌లో లేత్ మీద ఎంత సన్నపని చేసే మేస్త్రీ అయినా సరే, సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని ఆపి ఉంచే చిన్న ఉక్కు ముక్క) అరగదీయమని ఆయన చేతిలో పెట్టకండి. ఇంట్లో ఆత్మరక్షణకు లైసెన్సు మీద పెట్టుకున్న పిస్టల్‌కైతే ఈ ఆలోచనే వద్దు. దాని ట్రిగ్గర్ బరువుగా ఉండటం లోపం కాదు, కంగారులో వేలు తగిలినా పేలకుండా పెట్టిన ఏర్పాటు.

తర్వాత కొలవండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధన ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్‌కు 1000 గ్రాములు ఆగాలి. పెల్లెట్ లేదని కంటితో చూసుకుని, కాక్ చేసి, బ్యారెల్ నిటారుగా పైకి పట్టుకుని, ట్రిగ్గర్ మధ్యలో తూకం తగిలించి, బల్ల మీంచి మెల్లగా లేపాలి. కుదుపు లేకుండా తూకం గాల్లోకి రావాలి, ట్రిగ్గర్ పడకూడదు. సరిగ్గా 500 దగ్గర ఆపుకుని "ఎంత తేలిగ్గా ఉందో" అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు భయం. పోటీ అయ్యాక కూడా ఎవరినైనా పిలిచి తూకం చూస్తారు. అక్కడ తేడా వస్తే డిస్‌క్వాలిఫై అవుతారు, కొట్టిన పదులన్నీ గంగపాలు. 510, 520 దగ్గర పెట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

తూకం సరిగానే ఉండి గుళ్లు పక్కకి పోతున్నాయా? టార్గెట్ తీసేసి తెల్లగోడ వైపు డ్రై ఫైర్ చేయండి, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కండి. ట్రిగ్గర్ విడిపడే క్షణంలో ముందు సైట్‌నే చూడాలి. అది ఒక పక్కకి చిన్నగా గెంతితే తప్పు చాలాసార్లు వేలు పెట్టే చోటుదే. మ్యాచ్ పిస్టళ్లలో ట్రిగ్గర్ బ్లేడును ముందుకీ వెనక్కీ జరపొచ్చు, కొద్దిగా వంచొచ్చు. రెండు మిల్లీమీటర్లు జరిపితే పోయే జబ్బుకి కొత్త ట్రిగ్గర్ కొనడం ఎందుకు? పాయింట్ 22 వాళ్లు మాత్రం ఖాళీ ఛాంబర్ మీద ఊరికే నొక్కకండి, ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచును దెబ్బతీస్తుంది. డమ్మీ తూటా పెట్టుకోండి.

ఇక మన ఊరి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచల గతి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పిస్టల్‌ను పెట్టెలోని స్పాంజిలో నెలల తరబడి వదిలేస్తే ఆ స్పాంజి తేమ పీల్చుకుని ఉక్కును కొరుకుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తడిసిపోయాక మార్చండి. చెమట చేత్తో పట్టుకున్న రోజు తుడవకుండా మూయకండి. నూనె అతి వద్దు. సియర్ మీద నూనె, దుమ్ము కలిసి జిగురైతే, మొన్నటిదాకా పుటుక్కున విడిపడిన ట్రిగ్గర్ ఈడ్చుకుంటూ కదులుతుంది. ట్రిగ్గర్ పాడైందని చాలామంది తెచ్చి చూపించే లక్షణం ఇదే.

మరలు తిప్పక తప్పదనుకుంటే ముందు ఫోన్లో ఫొటో తీయండి. ప్రతి మర తల మీద నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీయండి. తెల్ల తువ్వాలు పరిచి దాని మీదే పని చేయండి, ఆ బుల్లి స్ప్రింగు నేల మీద పడితే దొరకదు. ఒకసారికి ఒకే మర, అదీ పావు చుట్టు. సియర్ మర జోలికి మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా వెళ్లొద్దు. పనయ్యాక గాలి సిలిండర్ తీసేసి, డ్రై ఫైర్‌లో కాక్ చేసి, గ్రిప్‌ను అరచేత్తో గట్టిగా తట్టండి. ట్రిగ్గర్ దానంతటది పడిపోతే ఆ సెట్టింగ్ రేంజికి తేకూడదు. క్లబ్బు పిస్టల్ అయితే మర ముట్టుకోకండి, మీ తర్వాత దాన్ని ఇంకో పిల్ల పట్టుకుంటుంది.

అన్నీ చూశాక కూడా తూకం పూటకో రకంగా వస్తుంటే, సియర్ అంచు అరిగిపోయి ఉంటే, అప్పుడు కంపెనీ ట్రిగ్గర్ యూనిట్‌తో మార్చడమే మేలు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ కావాలా అంటే, మొరీనీ 162ఈఐ లాంటి పిస్టళ్లలో అవి హాయిగా పనిచేస్తాయి, కానీ బ్యాటరీ మీద కన్నేసి ఉంచాలి, స్పేర్ జేబులో ఉండాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ చేజారింది. అంత స్థాయిలోనే అలా జరిగిందంటే, కొత్త యూనిట్‌తో నేరుగా పోటీకి వెళ్లడం ఎందుకు?

మార్చేది ఉంటే ఏడాది చివరి నేషనల్స్ ముగిశాక మార్చండి. వేసవి ప్రాక్టీసంతా దాంతోనే చేయండి. పాత యూనిట్‌ను దాని మరలతో సహా ఒక డబ్బాలో వేసి, పైన తేదీ, చివరి తూకం రాసి, పోటీలకు వెళ్లే కిట్‌లోనే పెట్టుకోండి.