ఎలక్ట్రిక్ గిటార్‌కు బ్రిడ్జి మార్చి, ఇంటోనేషన్ సరిచేయడం ఎలా?

తీగను ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా మీటితే ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) పచ్చ లైటు చూపిస్తుంది. అదే తీగను 12వ ఫ్రెట్ (మెట్టు) దగ్గర నొక్కి మీటితే శ్రుతి పైకి ఎగబాకుతుంది. మెడ మధ్యలో కార్డు (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టుకుంటే ఎక్కడో అపస్వరం పలుకుతుంది. దీన్నే ఇంటోనేషన్ తప్పడం అంటారు. వీణకైతే మైనం వేడిచేసి మెట్టును కాస్త జరిపి స్వరస్థానం దిద్దుకుంటారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగ్గొట్టి ఉంటాయి కాబట్టి జరగవు. జరిపే వీలున్నది ఒక్క శాడిల్‌నే, అంటే బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న దిమ్మెనే.

లెక్క ప్రకారం 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది. కానీ నొక్కినప్పుడు తీగ కిందికి సాగి, బిగువు పెరిగి, శ్రుతి ఎక్కుతుంది. ఆ ఎక్కినంత తగ్గించడానికి శాడిల్‌ను కాస్త వెనక్కి జరిపి తీగ పొడవు పెంచుతాం. బిరుసైన తీగకు ఎక్కువ పొడవు కావాలి. అందుకే సరిగ్గా సర్దిన బ్రిడ్జిలో ఆరు శాడిల్స్ ఒకే వరుసలో ఉండవు. ఉన్నాయంటే దాన్ని ఎవరూ సర్దలేదని అర్థం.

ఇక్కడ తీసుకున్నది స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్, ఆరు స్క్రూల మీద ఊగే ట్రెమొలో బ్రిడ్జి (ఆర్మ్ అనే కడ్డీతో ఊపితే శ్రుతి మారేది). ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన నమూనా ఇది. స్కేలు పొడవు (తీగ మోగే భాగం పొడవు) 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ.

తప్పు బ్రిడ్జిదేనా?

డబ్బు ఖర్చు పెట్టేముందు నాలుగు సంగతులు చూడండి. చాలా గిటార్లు వీటితోనే బాగుపడతాయి.

తీగలు: తుప్పు పట్టి, చెమట మురికి పేరుకున్న తీగ పొడవునా ఒకే మందంగా ఉండదు. దాన్ని ఏ శాడిల్ కూడా దిద్దలేదు. ముందు కొత్త సెట్ వేయండి.

నట్: మొదటి మూడు ఫ్రెట్లలోనే శ్రుతి ఎక్కువగా ఎక్కుతుంటే దోషం నట్‌ది, అంటే మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీది. తీగను 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి, 1వ ఫ్రెట్ మీద సందు చూడండి. పలచని కాగితం దూరేంత ఉంటే చాలు. అంతకు మించి వెలుతురు కనిపిస్తే నట్ గాళ్లు లోతు చేయించాలి. దీనికి తీగ మందానికి తగ్గ ఆకురాయి కావాలి కాబట్టి ఈ ఒక్క పనీ రిపేరు చేసేవాళ్లకు వదిలేయడం మంచిది. గాడి కొంచెం ఎక్కువ కోసుకుపోతే ఓపెన్ తీగ జిరజిరలాడుతుంది.

మెడ వంపు: 1వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, 6వ తీగను, అంటే అన్నిటికంటే మందపుదాన్ని, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. 8వ ఫ్రెట్ మీద సందు 0.25 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సర్దడానికి వాడే ఫీలర్ గేజే దీనికీ సరిపోతుంది. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీని) గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, మళ్లీ కొలవండి. ఒకేసారి పావు చుట్టుకు మించొద్దు.

పికప్‌లు: తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చేవి ఇవి. స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) తరహా పికప్‌లోని అయస్కాంతాలు మరీ దగ్గరగా ఉంటే మందపు తీగను లాగేస్తాయి. 6వ తీగను పై ఫ్రెట్లలో మీటితే రెండు శ్రుతులు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నట్టు ఊగుతుంది, ట్యూనర్ ముల్లు నిలవదు. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు మెడ వైపు పికప్‌కూ 6వ తీగకూ మధ్య 2 నుంచి 2.5 మి.మీ. ఉండేలా పికప్‌ను దించండి.

ఇవన్నీ బాగుండి, శాడిల్ స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయినా, అలెన్ కీ పెట్టే గుంత అరిగిపోయినా, శాడిల్ అటూ ఇటూ కదులుతున్నా అప్పుడు బ్రిడ్జి మార్చండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చవక స్క్రూలు ఇంకా త్వరగా పాడవుతాయి. శాడిల్స్ వరకే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేసుకున్నా సగం బాధ తీరుతుంది.

కొనేముందు కొలతలు

‘స్ట్రాట్‌కు సరిపోతుంది’ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన మీ స్ట్రాట్‌కు సరిపోతుందని కాదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఒక వెర్నియర్ కాలిపర్స్ తీసుకుని వీటిని కాగితం మీద రాసుకోండి.

1. రెండు చివరల స్క్రూల మధ్య దూరం. రంధ్రం మధ్యబిందువును కంటితో పట్టుకోవడం కష్టం. ఎడమ రంధ్రం ఎడమ అంచు నుంచి కుడి రంధ్రం ఎడమ అంచుకు కొలవండి, అదే మధ్య నుంచి మధ్యకు దూరం. పాత ఫెండర్ కొలత 56.4 మి.మీ. చవక గిటార్లలో చాలావాటికి 52.5 మి.మీ. ఉంటుంది. ఈ నాలుగు మిల్లీమీటర్ల తేడాను బలవంతంగా సరిపెట్టలేరు. రెండు స్టడ్‌ల (లావుపాటి మరల మేకుల) మీద నిలిచే బ్రిడ్జిల్లో స్టడ్‌ల దూరం కూడా సుమారు 56 మి.మీ.యే కాబట్టి, అంకె చూసి ఒకదానికొకటి అనుకోవద్దు.

2. శాడిల్స్ దగ్గర 1వ తీగకూ 6వ తీగకూ మధ్య దూరం. సన్న మెడ మీద వెడల్పు బ్రిడ్జి వేస్తే 1వ తీగ ఫ్రెట్ అంచు నుంచి జారిపోతుంది.

3. బ్లాక్ లోతు. ప్లేట్ కింద వేలాడే లోహపు దిమ్మ ఇది. పూర్తి మందం ఉన్న బాడీ దాదాపు 45 మి.మీ. ఉంటుంది, దాని బ్లాక్ 40 నుంచి 42 మి.మీ. పలచటి బాడీ ఉన్న గిటార్లలో 36 మి.మీ. బ్లాకే పడుతుంది. పెద్దది పెడితే వెనక్కి పొడుచుకొచ్చి కవర్ మూసుకోదు.

4. ఆర్మ్ మర. పాత ఆర్మ్‌నే వాడదామనుకుంటే మర కలుస్తుందో లేదో చూడాలి. అమెరికా మరలకూ మెట్రిక్ మరలకూ పొసగదు. కొత్త బ్రిడ్జితోపాటు వచ్చే ఆర్మ్ వాడుకుంటే గొడవ ఉండదు.

జింక్ బ్లాక్ తీసి స్టీల్ బ్లాక్ వేస్తే మోత మారిపోతుందని చెబుతారు. బరువు వల్ల కొంత తేడా వినిపించొచ్చు గానీ, దానికోసమే డబ్బు పెట్టనక్కర్లేదు. గట్టి మరలు, కదలని శాడిల్స్, వీటికి పెట్టండి.

పాతది తీయడం

తీగలన్నీ వదులు చేసి తీసేయండి. వెనక కవర్ విప్పి, స్ప్రింగులను శ్రావణంతో పట్టుకుని బ్లాక్ నుంచి ఊడదీయండి. ఎగిరి కంటికి తగలొచ్చు, ముఖం పక్కకు పెట్టుకోండి. స్ప్రింగుల కొక్కెం పలకను మాత్రం కదపొద్దు. దానికి అతికించిన వైరే ఎర్త్. అది ఊడితే గిటార్ అంతా గుయ్యిమంటుంది, సోల్డరింగ్ చేయాల్సొస్తుంది. ఇక ముందు వైపు ఆరు స్క్రూలు తీస్తే బ్రిడ్జి చేతికొస్తుంది.

కొత్తది బిగించడం

ముందు స్క్రూలు లేకుండా కూర్చోబెట్టి, రంధ్రాలు ఆరూ కలిశాయా, బ్లాక్ ఎక్కడైనా చెక్కకు రాసుకుంటోందా చూడండి. స్క్రూల మరలకు సబ్బు గానీ కొవ్వొత్తి మైనం గానీ రుద్దితే చెక్కలో పగులు రాకుండా దిగుతాయి.

ఆరు స్క్రూలనూ ప్లేట్ పైన 1.5 మి.మీ. లేచి ఉండేలా దించండి. తర్వాత చివరి రెండింటిని మాత్రమే ప్లేట్‌ను తాకేదాకా దించండి. బ్రిడ్జి ఆ రెండింటి మీదే ఊగాలి, మధ్యలో నాలుగు కాపలా మాత్రమే. ఆరింటినీ బిర్రుగా బిగిస్తే బ్రిడ్జి ముందు అంచు చెక్కను కొరుకుతుంది, ఆర్మ్ వాడిన ప్రతిసారీ శ్రుతి తప్పుతుంది.

మూడు స్ప్రింగులు తగిలించి, 10–46 సెట్ (తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి శ్రుతి చేయండి. బ్రిడ్జి వెనక అంచు బాడీ నుంచి 3 మి.మీ. లేచి ఉండటం ఫెండర్ చెప్పే కొలత. ఎక్కువ లేస్తే వెనక కొక్కెం స్క్రూలు బిగించండి, తక్కువైతే వదలండి, ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేయండి. తేలే బ్రిడ్జిలో ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ దిగుతాయి కాబట్టి ఓపిక కావాలి. ఆర్మ్ అసలే వాడనివాళ్లు అయిదు స్ప్రింగులు వేసి బాడీకి ఆనించేయడమే సుఖం.

తర్వాత ఎత్తు. 17వ ఫ్రెట్ మీద తీగ అడుగుకూ ఫ్రెట్‌కూ మధ్య 1.6 మి.మీ. ఉంచండి. శాడిల్ రెండు కాళ్లూ సమంగా ఉండాలి, వాలిపోకూడదు. ఎత్తు మారితే ఇంటోనేషన్ మారుతుంది గనుక ఈ పని ముందే ముగించాలి.

ఇంటోనేషన్ దిద్దడం

కొత్త తీగలను ఒక్కొక్కటిగా వేలితో మెల్లగా పైకి లాగి మళ్లీ శ్రుతి చేయండి, అది నిలిచేదాకా. శాడిల్ ముందు తీగను బొటనవేలితో ఒకసారి కిందికి నొక్కండి. అక్కడ తీగ విల్లులా వంగి ఉంటే కొలతలన్నీ తప్పుతాయి.

మొదలుపెట్టే స్థానాలు ఇలా పెట్టుకోండి. నట్ లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్‌కు దూరం 324 మి.మీ., దాన్ని రెట్టింపు చేసి 1వ తీగ శాడిల్‌ను 648 దగ్గర నిలపండి. 2వ శాడిల్‌ను 2వ తీగ మందమంత, 3వదాన్ని 3వ తీగ మందమంత ముందుదాని కంటే వెనక్కి. 4వది మళ్లీ ముందుకొచ్చి 2వదానికి సమంగా. 5, 6 మళ్లీ వాటి వాటి మందమంత వెనక్కి. రెండు మెట్ల వరుసలు కనిపిస్తాయి. 4వది ముందుకు రావడానికి కారణం, చుట్టతీగలో లోపలి ఇనుప తీగే బిరుసును నిర్ణయిస్తుంది. అది చుట్టలేని 3వ తీగ కంటే సన్నం.

గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టకుండా వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోండి. మెడ వైపు పికప్ పెట్టి కేబుల్ నేరుగా ట్యూనర్‌కు ఇవ్వండి. ఓపెన్ తీగను కచ్చితంగా శ్రుతి చేసి, 12వ ఫ్రెట్‌ను మామూలుగా వాయించే ఒత్తిడితోనే నొక్కి మీటండి. మీటిన క్షణం ముల్లు పైకి ఎగిరి దిగుతుంది, నిలిచాక చూడండి.

నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి, తక్కువ పలికితే మెడ వైపుకు. ఎంత? ట్యూనర్ చూపే సెంట్లు పొలం కొలిచేవి కావు, ఒక అర్ధస్వరంలో నూరో వంతు. ఈ స్కేలులో శాడిల్ 1 మి.మీ. జరిగితే ఓపెన్‌కూ 12వ ఫ్రెట్‌కూ మధ్య తేడా సుమారు 2.7 సెంట్లు మారుతుంది. మెట్రిక్ ఎం3 స్క్రూ ఒక చుట్టుకు అర మిల్లీమీటర్ జరుపుతుంది కాబట్టి చుట్టుకు 1.3 సెంట్లు. 8 సెంట్లు ఎక్కువుందంటే ఆరు చుట్లు, 3 మి.మీ. వెనక్కి. తిప్పేముందు తీగ వదులు చేయండి, లేదంటే స్క్రూ తల అరుగుతుంది. తర్వాత ఓపెన్‌గా శ్రుతి చేసి మళ్లీ చూడండి. శ్రుతి చేయకుండా చూస్తే ఆ లెక్కకు విలువ లేదు. తేడా ఒక సెంటు లోపలికి వస్తే చాలు, తర్వాతి తీగకు వెళ్లండి. ఆరూ అయ్యాక మొదటి నుంచి ఇంకోసారి.

స్క్రూ చివరికొచ్చినా కుదరకపోతే

6వ శాడిల్ ఇంకా వెనక్కి పోవాలి కానీ స్ప్రింగు పూర్తిగా నలిగిపోయి అడ్డం వస్తే, స్ప్రింగును సగానికి కత్తిరించండి. 12వ ఫ్రెట్ కుదిరి, 3వ ఫ్రెట్ దగ్గర మాత్రం ఎక్కువ పలుకుతుంటే మళ్లీ నట్ దగ్గరికే రావాలి. సితార్‌లా జివ్వుమంటే తీగ శాడిల్‌లో నిలకడగా కూర్చోలేదని లెక్క. అక్కడ అంచు గరుకుంటే 1000 నంబరు గరుకు కాగితంతో నునుపు చేయండి.

లెస్ పాల్ తరహా గిటార్‌లో టూన్-ఓ-మాటిక్ బ్రిడ్జి ఉంటే సూత్రం ఇదే. కొలవాల్సింది మాత్రం రెండు స్టడ్‌ల దూరం, అది సాధారణంగా 74 మి.మీ., ఇంకా స్టడ్ మర మందం. చోటు చాలకపోతే శాడిల్‌ను తీసి తిప్పి పెడితే ఇంకొంచెం దూరం దొరుకుతుంది.

అన్నీ సరిపోయాక కూడా ‘E’ మేజర్ కార్డులో 3వ తీగ మీది స్వరం కొందరి చెవికి గుచ్చుకుంటుంది. తంబుర వింటూ పెరిగిన చెవికి మరీ. తంబుర నాదంలో సహజంగా పలికే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది, ఫ్రెట్ల గిటార్‌లో అదే స్వరం 400 దగ్గర. ఈ 14 సెంట్ల తేడా సమస్వర విభజనలోనే (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేయడంలోనే) ఉంది, శాడిల్‌ది కాదు. అది వినలేక 3వ తీగను కాస్త దించితే ‘E’ కార్డు తియ్యగా పలుకుతుంది, ఆ వెంటనే పట్టిన ‘C’ కార్డులో ఓపెన్ 3వ తీగ తక్కువ పలుకుతుంది.