పిల్లలు అమెరికా పౌరులయ్యారా? విశాఖలోని తల్లిదండ్రులు ముందే చూసుకోవాల్సినవి

కొడుక్కో కూతురికో అమెరికా పౌరసత్వం వచ్చిందనగానే ‘ఇక మీరూ వచ్చేయండి’ అన్న ఫోను వస్తుంది. ఫారాలు నింపడం పిల్లల పనే. వాటిని నిలబెట్టే కాగితాలు మాత్రం ఇక్కడ, మన బీరువాలో ఉంటాయి. అందుకే ఈ మాటలు తల్లిదండ్రులకే చెబుతున్నాను.

ముందు అర్హత. దరఖాస్తు పెట్టే బిడ్డ అమెరికా పౌరుడై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న బిడ్డ తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టలేడు. మనవడు అక్కడ పుట్టి పౌరుడైనంత మాత్రాన వాడి అమ్మానాన్నలకు నివాస హక్కు రాదు, తాతయ్య నాయనమ్మలకు అసలే రాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. అమ్మ పేరు పుట్టింటి కాగితాల్లో ఒకటి, బిడ్డ జనన ధ్రువపత్రంలో ముద్దుపేరు. అసలైన ఆధారం ఆ ధ్రువపత్రమే కాబట్టి అందులో మీ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయేమో ఈరోజే తీసి చూడండి. పాత రోజుల్లో బిడ్డ పేరు రాయకుండానే నమోదు చేసిన ధ్రువపత్రాలు చాలా ఉన్నాయి. నగరంలో పుట్టిన బిడ్డైతే విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో జనన మరణాల నమోదు విభాగానికి వెళ్లి సరిచేయించుకోవాలి. తండ్రి కోసం పెట్టే దరఖాస్తుకు మీ వివాహ ధ్రువపత్రం కూడా కావాలి. పెళ్లయి నలభై ఏళ్లయినా రిజిస్టర్ చేయించుకోనివారు ఆ పని ముందు పెట్టుకోండి.

వీసా దశలో మీ సొంత జనన ధ్రువపత్రం అడుగుతారు. కాన్పు అమ్మమ్మగారి ఊళ్లో జరగడం మన ఆనవాయితీ. ఇప్పుడు మీరు గాజువాకలో ఉంటున్నా, ఆ కాగితం శ్రీకాకుళం జిల్లాలోనో విజయనగరం జిల్లాలోనో ఏదో పల్లె నుంచి రావాలి. అక్కడ నమోదు లేకపోతే, లేదని అధికారికంగా రాయించుకోవాలి. దానికి తోడు మీ పుట్టుక గురించి తెలిసిన దగ్గరి పెద్దల అఫిడవిట్లు కావాలి. ఆ పెద్దలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయించుకోండి. ఈ పని వాయిదా వేయడమంత పెద్ద పొరపాటు లేదు.

ఓడల్లోనో గల్ఫ్‌లోనో పనిచేసి వచ్చినవారు విశాఖలో చాలామంది. పదహారేళ్లు దాటాక వేరే దేశంలో ఏడాదికి పైగా నివసించి ఉంటే సాధారణంగా ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కూడా కావాలి. మన దేశపు పోలీసు ధ్రువపత్రానికి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు చేయాలి. వీసాకు వైద్య పరీక్ష కూడా ఉంటుంది. ఎప్పుడో క్షయకు మందులు వాడినవారు పాత ఎక్స్‌రేలు, చికిత్స కాగితాలు దాచుకోండి. ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే కఫం కల్చర్ పరీక్షకు వారాల సమయం పడుతుంది. ఈ వైద్య పరీక్ష అమెరికా కాన్సులేట్ గుర్తించిన డాక్టర్లే చేయాలి.

ఇక విజిటర్ వీసా. ‘దానిమీద వచ్చేసి ఇక్కడే దరఖాస్తు పెడదాం’ అని పిల్లలు అంటే ఆగి ఆలోచించండి. స్థిరపడే ఉద్దేశం దాచి, చూసి వస్తామని అధికారికి చెబితే అది అబద్ధపు వాంగ్మూలం కిందికి వస్తుంది. శాశ్వతంగా తలుపులు మూసుకుపోవచ్చు. పైగా అక్కడ దరఖాస్తు నడుస్తుండగా ప్రత్యేక అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఇక్కడ తోబుట్టువు పోయినా రాలేక ఫోనులో ఏడ్చిన వాళ్లను చూశాను. వీసా మీద పదేళ్లని ఉన్నా, ఉండాల్సింది అమెరికాలోకి ప్రవేశించినప్పుడు నమోదయ్యే ఐ-94 పత్రంలో ఇచ్చిన తేదీ వరకే. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి వెనక్కి వస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకుమించి ఉంటే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

గ్రీన్ కార్డు చేతికొచ్చినా విశాఖ ఇల్లు వెంటనే అమ్మకండి. మొదటి చలికాలం గడిచాక మనసు ఎటు మొగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. ఆరు నెలలు దాటి ఇక్కడే ఉండిపోతే తిరిగి వెళ్లినప్పుడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఏడాది దాటితే కార్డే ప్రమాదంలో పడుతుంది. ఎక్కువ కాలం ఇక్కడ ఉండాలనుకుంటే, తిరిగి ప్రవేశానికి ముందస్తు అనుమతి అయిన రీఎంట్రీ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరడానికి 65 ఏళ్లు నిండడంతోపాటు, అక్కడ పనిచేసిన చరిత్ర లేనివారికి వరుసగా ఐదేళ్ల నివాసమూ ఉండాలి. ఆలోగా ఆరోగ్య బీమా ఎవరు, ఎంతకు కడతారో టికెట్లు కొనకముందే పిల్లలతో తేల్చుకోండి. ఇక్కడి పెన్షను, అద్దె, వడ్డీ అన్నీ అక్కడి పన్ను లెక్కల్లో చూపాలి. ఇక్కడి ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే దానికి వేరే నివేదిక ఉంది.

చివరిగా, తల్లికీ తండ్రికీ వేర్వేరు దరఖాస్తులు పెట్టాలి. ఒకరి దరఖాస్తు మీద రెండోవారు వెళ్లలేరు, ఇంట్లో చదువుకుంటున్న చిన్నబిడ్డ కూడా వెంట రాలేడు. పెళ్లికాని చిన్నవాడికి తల్లో తండ్రో గ్రీన్ కార్డు తెచ్చుకున్నాక విడిగా పెట్టాలి. అందుకే తేదీ ఖాయం చేసేముందు ఆ బిడ్డను ఎవరింట్లో ఉంచుతారో తేల్చుకోండి. మీ ఇంటావిడకు వెళ్లడం నిజంగా ఇష్టమేనా అన్నది ఆవిడనే, పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి.