పక్షుల శాస్త్రీయ నామాలు – 4వ పాఠం: బ్రాకెట్లు ఎందుకు వచ్చాయి?

శాస్త్రీయ నామం పక్కన, ఆ జాతికి మొదట పేరు పెట్టిన శాస్త్రవేత్త పేరూ సంవత్సరమూ రాస్తాం; కొన్నిసార్లు వాటిని బ్రాకెట్లలో పెడతాం. గతసారి అభ్యాసంలో మాకింగ్‌బర్డ్ (ఇతర పక్షుల కూతలను అనుకరించే పక్షి) పేరు రాయమంటే అందరూ మైమస్ పాలిగ్లాటోస్ దాకా చక్కగా రాసి, దానికి పేరు పెట్టిన లినేయస్ దగ్గర తడబడ్డారు. కొందరు బ్రాకెట్లు తీసేశారు, మరికొందరు ప్రతి పేరుకూ తగిలించారు. బ్రాకెట్ల సంగతిని నేను ఒక్క వాక్యంలో దాటేశాను, అందుకే ఈ వారం కొత్త పక్షి కుటుంబం జోలికి వెళ్లడం లేదు. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు (ఇక్కడ మైమస్), జాతి అంటే అందులో ఒక రకం పక్షి (ఇక్కడ పాలిగ్లాటోస్) అని మీకు తెలుసు కనుక ఇంతకుమించి చెప్పను.

బ్రాకెట్లు అనుమానానికి గుర్తు కావు, అలంకారమూ కావు. మొదట పేరు పెట్టిన వ్యక్తి ఆ జాతిని వేరే ప్రజాతిలో ఉంచాడని వాటి అర్థం. 1758లో లినేయస్ మాకింగ్‌బర్డ్‌ను త్రష్‌లు అనే పాటపక్షుల ప్రజాతిలో చేర్చి టర్డస్ పాలిగ్లాటోస్ అన్నాడు. మైమస్ ప్రజాతిని బోయీ ఏర్పరచింది 1826లో. అందుకే ఇప్పుడు మైమస్ పాలిగ్లాటోస్ (లినేయస్, 1758) అని రాస్తాం. బోయీ పేరు ఇరికించకండి. జాతిని కొత్త ప్రజాతికి మార్చినవారి పేరు కూడా రాయడం మొక్కల శాస్త్రంలోని పద్ధతి.

పసిఫిక్ సముద్రంలోని గాలాపాగోస్ దీవుల్లో ఒకటైన ఎస్పన్యోలాలోని మాకింగ్‌బర్డ్‌ను చూడండి. 1890లో రిడ్జ్‌వే దాన్ని నెసోమైమస్ ప్రజాతిలో పెట్టాడు. పుస్తకాల్లో చాలాకాలం నెసోమైమస్ మెక్డొనాల్డై రిడ్జ్‌వే, 1890 అనే ఉండేది, బ్రాకెట్లు లేవు. డీఎన్ఏ పరిశీలన తరువాత నెసోమైమస్‌ను మైమస్‌లో కలిపేశారు. ఇప్పుడది మైమస్ మెక్డొనాల్డై (రిడ్జ్‌వే, 1890). పక్షి అదే, దీవి అదే, పేరు పెట్టిన మనిషీ అతడే. ప్రజాతి మారింది, బ్రాకెట్లు వచ్చాయి. బహామా దీవుల మాకింగ్‌బర్డ్ మాత్రం మొదటినుంచీ మైమస్‌లోనే ఉంది: మైమస్ గుండ్లాకియై కబానిస్, 1855. దీనికి బ్రాకెట్లు పెడితే తప్పు.

బ్రాకెట్లు కావాలో వద్దో తేల్చడానికి నేను మొదట సంవత్సరాలు చూస్తాను. జాతికి పేరు పెట్టిన సంవత్సరం, ఇప్పటి ప్రజాతి ఏర్పడిన సంవత్సరానికి ముందుదైతే బ్రాకెట్లు తప్పవు. తరువాతిదైతే మాత్రం తొందరపడకండి. గాలాపాగోస్‌లోనే ఉన్న ఫ్లోరియానా దీవి మాకింగ్‌బర్డ్‌కు గౌల్డ్ 1837లో, అంటే మైమస్ ఏర్పడ్డాకే పేరు పెట్టాడు, కానీ ఆర్ఫియస్ ప్రజాతిలో. కనుక మైమస్ ట్రైఫాసియాటస్ (గౌల్డ్, 1837).

అభ్యాసం: మాకింగ్‌బర్డ్‌ల కుటుంబానికి దగ్గరి చుట్టం మన గోరువంకల కుటుంబం. గోరువంక జాతికి లినేయస్ 1766లో పేరు పెట్టాడు. దాని ప్రజాతి అక్రిడోథెరిస్ 1816లో ఏర్పడింది. పూర్తి పేరు రాసి, లినేయస్ దాన్ని మొదట ఏ పక్షుల సరసన కూర్చోబెట్టాడో వెతకండి. ఆ తరువాత కాకికీ, ఊరపిచ్చుకకూ ఇదే చేయండి. మూడింటిలో ఒకదానికి బ్రాకెట్లు ఉండవు. ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.