డకౌటైన సాయంత్రం

ఇంట్లో ఆటాడే పిల్లలుంటే, స్కోరే తామని వాళ్లు అనుకోకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది. మాది అనంతపురం. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఇక్కడి ఆర్డీటీ స్టేడియంలో జరిగినప్పటి నుంచి మా మేనల్లుడికి క్రికెట్ తప్ప లోకం లేదు. యాభై కొడితే వీధంతా వాడిదే. డకౌటైతే, అంటే సున్నాకే అవుటైతే మాత్రం సంగటి ముద్ద ముందు పెట్టుకుని, చెనిక్కాయల చట్నీలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంటాడు.

వాడి కిట్‌బ్యాగులో ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టించినా. చివరి పేజీలో "నేనెవరు?" అని రాసి, కింద ఐదు మాటలు రాయమన్నా. నాలుగు క్రికెట్టే! ఓపెనరు, ఎడమచేతి వాటం... అవన్నీ కొట్టేయమంటే మిగిలింది ఒక్కటే: అవ్వకు మనవడు. వారం ఆలోచించి ఇంకో రెండు చేర్చినాడు. చేన్లో డ్రిప్పు పైపులు అతికేవాడు, చెల్లెలికి లెక్కలు చెప్పేవాడు.

బాగా ఆడినా ఆడకపోయినా ఆ సాయంత్రం ఈ మూడింటికి సంబంధించి ఒక పని చేసి తీరాలి. గెలిచిన రోజు కూడా, వదలకుండా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో స్వర్ణం గెలిచాక తనకు అంతా శూన్యంగా అనిపించిందని అభినవ్ బింద్రానే చెప్పుకున్నాడు.

పెద్దోళ్లు కూడా పిల్లోడు గడప తొక్కగానే "ఎంత కొట్టినావురా?" అనడం మానాలి. మా బావకు ఇది ఇంకా చాతకావడం లేదు. నేనైతే "తిన్యావా?" అంటా. చెయ్యి కడుక్కుంటూ స్కోరు వాడే చెప్తాడు.